నాలుగో సున్నం బొట్టు

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. మా వీధిలో ఎవరికి పూనకం వచ్చినా, ముందు ఆమెకు కడుపునిండా గంజి పొయ్యండి అనే మనిషిని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో మాట. బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున మా ఊరు. మాది కుట్టు పడవ. మేకులుండవు, పలకలను కొబ్బరితాడుతో కుట్టి బిగించడమే. ఏడాదికోసారి ఎండల్లో పడవంతా విప్పి కొత్తగా కుడతారు. ఈలోగా చిన్న చిన్న మరమ్మతులే. ఏది ఇప్పుడు బాగుచెయ్యాలో, ఏది విప్పేదాకా ఆగాలో మా మామ తేల్చేవాడు. నీళ్ళు కారే కుట్టు మీద, విప్పి కుట్టాలని గుర్తుగా, సున్నం బొట్టు పెట్టించేవాడు. మిగతా వాటి జోలికి పోనిచ్చేవాడు కాదు. ఒక కుట్టు విప్పితే పక్క కుట్టు వదులవుతుంది, తేలే పడవను కెలికి ముంచుకోవద్దు అనేవాడు. ఆయనది ఎడమచేతి వాటం. ముడి తిరగేసి పడేది. అట్లా వేసేవాళ్ళు ఊళ్ళో ఇంకొకరు లేరు.

కార్తీకంలో ఆయన పోయాడు. మాఘంలో పడవ దించేటప్పుడు ఆ తీర్పు మా ఆయన మీద పడింది. తెల్లారితే ఎనిమిదిమంది ఎక్కాలి. అందులో మా ఆయన, మరిది కూడా.

పడవలో నీళ్ళు పోసి చూశారు. మూడు చోట్ల కారింది. నేనే మూడు బొట్లు పెట్టాను. మరిదికి అది చాల్లేదు.

“ముందర పలక కుట్టు కూడా మార్చేద్దాం అన్నా. పాత తాడది.”

“కారతా ఉండాదా?”

“కారలే. అయినా...”

“కారనిదాన్ని కెలకబాక. నాయన మాట మరిచినావా?”

“నాయనుంటే చేత్తో తడిమి చూసుండేవాడు. నువ్వు నిలబడి చూసి వదిలేస్తివి.”

మా ఆయన చేతిలోని, సందుల్లో పీచు దట్టించే సుత్తి ఇసకలోకి విసిరికొట్టాడు. “పెద్దోణ్ణి నేనా, నువ్వా?”

నేను మధ్యలో దూరి ఇద్దరినీ అన్నానికి లాక్కుపోయాను. మరిది సగం అన్నంలో లేచిపోయాడు.

పడవ దగ్గరికి తిరిగి నేనే ముందొచ్చాను. ముందర పలక కుట్టు మీద నాలుగో బొట్టు ఉంది. ఇంకా తడిగానే ఉంది. ఇది మరిది మొండితనమే అనుకున్నాను. మా ఆయన చూస్తే తలలు పగులుతాయి. చెంగుతో తుడిచేశాను.

సాయంత్రం మూడో కుట్టు దగ్గర తాడు రెండు మూరలు తక్కువ వచ్చింది. మామ పోయాక నేను పేనిన తాడది. పీచు చాలక నా ఎర్రచీర అంచు చింపి కలిపాను. నా కొలతే తప్పిందనుకున్నాను. ఆ రాత్రి అన్నదమ్ములిద్దరూ పడవలోనే పడుకున్నారు.

తెల్లారి పడవ తోస్తుంటే మరిదిని మెల్లగా అడిగాను. “అబ్బయా, నిన్న ముందర బొట్టు పెట్టింది నువ్వే గదా?”

“ఏం బొట్టు వదినా? నేను మనుషుల్ని పిలిచేదానికి పోయుంటి.”

అంతలో అల వచ్చి పడవను ఎత్తుకుంది. మరిది ఎగిరి ఎక్కాడు. ఆగమని కేకేశాను. ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు.

ఆ పూట నేను ఒడ్డు వదల్లేదు. చెంగున ఎండిన సున్నాన్ని గోటితో గీకుతూ కూర్చున్నాను. పొద్దు నడినెత్తికి వచ్చాక పడవ తిరిగొచ్చింది. పరుగెత్తి చూస్తే ముందర చుక్క నీళ్ళు లేవు.

“చూసినావంట్రా నీ పాత తాడు!” అని మా ఆయన తమ్ముణ్ణి వెక్కిరించాడు.

వైశాఖంలో పడవ విప్పారు. ముందర పలక తాడు పైకి గట్టిగా ఉంది కానీ లోపల ముక్కిపోయింది. లాగితే పిండిలా రాలింది. ఒక్క చోట తప్ప. నేను బొట్టు తుడిచిన చోట రెండు మూరల కొత్త తాడు. అందులో నా చీర ఎర్రపోగు. ముడి తిరగేసి ఉంది.

“నువ్వేసినావా?” అన్నాడు మా ఆయన.

“ఆ ముడి నాకెట్టా వస్తాది అన్నా?”

పైగా కుట్టు వెయ్యాలంటే పడవ లోపలొకరు, బయటొకరు ఉండాలి. ఒంటిచేతి పని కాదు.

మా ఆయన చాలాసేపు ఆ ముడిని తడుముతూ నిలబడ్డాడు. కత్తి పెట్టనివ్వలేదు. దాన్ని అట్లాగే ఉంచి చుట్టూ కొత్త కుట్టు వేయించాడు.

బొట్టు సంగతి ఆయనకు చెప్పలేదు. ఆ కుట్టు ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో ఈనాటికీ నాకు తెలీదు. తుడిచిన చెయ్యి మాత్రం నాదే.