ఎవరి చెయ్యి వాళ్ళకి కొలత

సాయంత్రం స్నానం చేయించి పౌడరు అద్దుతుంటే పాప బుగ్గ మీద తెల్లటి మరక ఒకటి కనిపించింది. గబగబా తడిబట్టతో తుడిచాను. పోయింది. పౌడరే. అయినా ఇంకోసారి తుడిచి చూశాను. ఆ వాసనకే ఒంగోలు డాక్టరమ్మ గుర్తొచ్చారు. చేతి తొడుగుల పౌడరుతో ఆమె వేళ్ళు ఎప్పుడూ అలాగే తెల్లగా ఉండేవి. పాప నిద్రపోయింది కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను ఐదో తరగతిలో ఉండగా మోకాలి కింద బొల్లి మచ్చ మొదలైంది. అమ్మ బస్సెక్కించి ఒంగోలు తీసుకెళ్ళింది. డాక్టరమ్మ నా చేతినే మచ్చ మీద పెట్టించారు. "వేళ్ళతో కలిపి నీ చెయ్యి నీ ఒంట్లో సుమారు నూరో వంతు తల్లీ. ఇది అందులో సగం, అంతే." తర్వాత ఆడపిల్ల బొమ్మ గీసిన కాగితం, రంగు పెన్సిలు ఇచ్చారు. "నీకెంత ఉందనిపిస్తే అంత దిద్దు."

నేను రెండు కాళ్ళూ దిద్ది, మొహం కూడా నింపేశాను.

"మొహాన ఎక్కడుందే నీకు?" అని అమ్మ కసిరింది.

"బళ్ళో అందరూ కాలు చూసి, మళ్ళీ నా మొహమే చూస్తారు" అన్నాను.

"ఉండనీమ్మా" అన్నారు డాక్టరమ్మ. "నాకు కనపడింది నేను రాశా. దానికి కనపడింది అది గీసింది. నాకు రెండూ కావాలి."

అమ్మ ఊళ్ళో జాకెట్లు కుట్టేది. తన కొలత తనకుండాలని, ఇంటికి రాగానే మచ్చ మీద కాగితం పరిచి, అంచు వెంట గీసి కత్తిరించి దాచింది. ఏడో తరగతి అయ్యాక గుంటూరు హాస్టల్లో నాకు సీటొచ్చింది. ఆ రోజు అమ్మ ఆ కాగితం తీసి నా కాలి మీద పెట్టింది. మచ్చ చుట్టూ బయటికి కనపడింది.

"పెరిగింది. ఇంకేం గుంటూరే? ఇంట్లో కూచుని మిరపకాయల తొడిమలు తీసుకో" అంది. మర్నాడే మచ్చ చూపించడానికి డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరదీసింది. ఒంగోలు దాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను.

డాక్టరమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "కొలత బాగానే తీశావమ్మా. మరి అప్పటి గౌను దీనికిప్పుడు పడుద్దా?"

"ఎక్కడ పడుద్దండీ? నిరుడు కుట్టిందే బిగుతైపోయె!"

"మరి!" అంటూ నా చేతిని మళ్ళీ మచ్చ మీద పెట్టించారు. సగమే. "కాలు పెరిగింది, దాంతోపాటు మచ్చా సాగింది. చెయ్యీ పెరిగింది కదా. నీ కాగితమే పెరగలేదు. పిల్లని గుంటూరు పంపించు."

అమ్మ నా చెయ్యి ఎత్తి, మళ్ళీ తనే మచ్చ మీద పెట్టి చూసుకుంది. ఈలోగా డాక్టరమ్మ బొమ్మ ఇచ్చారు. ఈసారి ఒక్క కాలే దిద్దాను. ఆమె పాత బొమ్మను పక్కన పెట్టి, మొహం మీద వేలుంచి, "ఇదిగో, ఇక్కడ తగ్గింది" అని మురిసిపోయారు.

గుంటూరులోనే డిగ్రీ దాకా చదివాను. డాక్టరమ్మ ఇప్పుడు లేరు. మచ్చ ఉంది. ఇందాక పౌడరు తుడిచాక పాప నా కాలి దగ్గర చతికిలబడి, ఆ మచ్చ మీద అరచెయ్యి ఆనించింది. ఆ చిట్టి చేతికి అందలేదు, చుట్టూ తెల్లగా మిగిలింది. మెల్లగా దాని చెయ్యి తీసి నాది పెట్టుకున్నాను. సగమే.