ఒక వేషానికి ఇద్దరం

మా నాటక సమాజంలో ఒక వింత పద్ధతి ఉండేది. ప్రతి వేషానికీ ఇద్దరేసి మనుషులు. గొప్పకి పెట్టుకున్నది కాదు, గతిలేక పెట్టుకున్నది. ఈ హిందీ రాజ్యంలో, ఖుర్సీపార్‌ బస్తీలో తెలుగు నాటకాలాడే వాళ్ళమంతా స్టీల్ ప్లాంట్ మనుషులమే. ఆట ఉన్న సాయంత్రం ఎవడికి ఏ షిఫ్ట్ పడుతుందో దేవుడికే తెలియాలి. అందుకని ఒక్కో వేషాన్నీ వేరే వేరే షిఫ్టుల వాళ్ళు ఇద్దరు నేర్చుకునేవాళ్ళం. ఎవడికి వీలు దొరికితే వాడు మొహానికి రంగు పూసుకునేవాడు.

నా వేషంలో నాకు జోడీ మా బావ. నిజం బావేమీ కాదు. నాది శ్రీకాకుళం వైపు పల్లె, అతనిది గోదావరి పక్క. నేను అమ్మవారి గుడికెళ్తే అతను చర్చికెళ్ళేవాడు. మమ్మల్ని బావా బావా అనుకోమని ఎవరు చెప్పారో ఏటో, మొదటి రోజు నుంచీ అదే పిలుపు. ప్లాంటులోనూ మా ఇద్దరిదీ ఒకటే మిషను. నేను దిగితే అతను ఎక్కాలి. రిలీవర్ వచ్చేదాకా డ్యూటీ వదిలి కదలకూడదని అక్కడి రూలు. అతను వస్తూనే మిషను సంగతి నేను చెప్పేవాణ్ణి, నిన్నటి ఆట సంగతి అతను చెప్పేవాడు. రెండో సీన్లో జనం బాగా నవ్వారనో, మైకు మొరాయించిందనో. అంతే, అతను మిషను వైపు, నేను గేటు వైపు.

దీంతో ఏమైందంటే, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అతని ఆట నేను ఒక్కటీ చూడలేదు. అతను స్టేజి మీద ఉంటే నేను మిషను దగ్గర, నేను స్టేజి మీద ఉంటే అతను మిషను దగ్గర. ఇద్దరికీ ఒకేసారి సెలవడిగినందుకు మా ఫోర్‌మన్ హిందీలో తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. బస్తీ అంతా అతని నటన గురించే చెప్పేది. ఆఖరికి మా ఆవిడ కూడా. అన్నయ్య ఏడిపించేశాడు, నువ్వూ ఉన్నావు ఎందుకూ, అనేది. నాకు ఒళ్ళు మండేది. అసూయ కాదనను. కానీ అసూయ కంటే ఎక్కువగా, ఒక్కసారి చూడాలని ఉండేది.

కరోనాతో సమాజం మూతపడింది. ఆ తరవాత ఇద్దరం రిటైరయ్యాం. ఈ ఏడాది దాన్ని మళ్ళీ లేపింది ఒక అమ్మాయి, మా హార్మోనియం ఆయన కూతురు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ హిందీలోకి జారిపోతుంది. మూడు కొత్త నాటకాలు బస్తీల్లోకి తీసుకెళ్ళి ఆడాలని పట్టుబట్టింది. కుర్రాళ్ళు హిందీ అక్షరాల్లో రాసుకుని తెలుగు డైలాగులు చెప్తుంటే మొదట్లో నవ్వొచ్చింది, తరవాత ముచ్చటేసింది. మూడో నాటకంలో ముసలాయన వేషం మాకు వచ్చింది. ఇప్పుడు షిఫ్టులు లేవు కదా అంకుల్, ఇద్దరెందుకు, అని ఆ పిల్ల అడిగింది. పద్ధతి పద్ధతే అని దబాయించాం. అసలు సంగతి వేరు. ఖుర్సీపార్‌లో నా ఆట, వైశాలి నగర్‌లో అతని ఆట. ఒకరి ఆట ఒకరం ముందు వరసలో కూర్చుని చూడాలి. అందాకా రిహార్సల్ కూడా చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాం, చిన్నపిల్లల్లాగ.

నాటకం చివర్లో, రిటైరైన ముసలాయన కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, కొత్తగా దిగుతున్న వాళ్ళ చేతిలో తాళాలు పెడతాడు. వంటింట్లో కుళాయి కారతాది బాబూ, గట్టిగా తిప్పకండి, అంటాడు. తెర పడుతుంది. నా ఆటలో ఆ మాటకి జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. నేను ఉబ్బిపోయి స్టేజి దిగాను. బావ భుజం మీద చెయ్యేసి, బాగుంది బాగుంది అని, అప్పుడు అసలు మాట చెప్పాడు.

"ఆ చివరి మాట గబగబా అనేశావు బావా. అది నవ్వే మాట కాదు. నా ఆట నాడు చూద్దువుగాని."

నాకు చిర్రెత్తుకొచ్చింది. చూస్తానులే నువ్వేటి పొడిచేస్తావో, అన్నాను. అతను నవ్వాడు.

అతని ఆట ఇంకో పది రోజులుందనగా, పొద్దున్న టీ తాగి గ్లాసు కింద పెట్టాడట. అంతే. అతని భార్య, మా చెల్లెమ్మ, ఫోన్ చేసి ఏమీ చెప్పలేక ఏడ్చింది. చొక్కా గుండీలు పెట్టుకోకుండానే పరుగెత్తాను. చర్చి వాళ్ళు పాటలు పాడుతుంటే, పెట్టెలో పడుకున్న ఆ మనిషిని చూసి నాకు ముందు వచ్చింది కోపం. నీ ఆట అయ్యేదాకా ఆగలేకపోయావా అని. తరవాత సిగ్గు విడిచి అందరి ముందూ ఏడ్చాను.

ఆట ఆపేద్దామంది ఆ అమ్మాయి. నేనూ సరే అన్నాను. చర్చి వాళ్ళు బావ ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికలో ప్రార్థన అయ్యాక చెల్లెమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. ఆట ఆపితే ఆయనకి నచ్చదని, ఆయన వంతు కూడా నన్నే ఆడమని అంది. ఆ చివరి మాట ఎలా అనేవాడమ్మా అని అడిగాను. రోజూ ఆవిడ ముందే చెప్పి చూసుకునేవాడని నాకు తెలుసు.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, పొయ్యి పక్కన నిలబడి చూపించింది. తాళాలు ఇచ్చేసి గుమ్మం దాకా వెళ్తాడట. వెనక్కి తిరక్కుండానే కుళాయి మాట అంటాడట. అని ఆగిపోతాడు. అప్పుడు తిరిగి ఇల్లంతా ఒకసారి చూసుకుంటాడు. గట్టిగా తిప్పకండి అన్నది మెల్లగా, తనలో తను అనుకున్నట్టు అంటాడు.

"ఎంతసేపు ఆగేవాడమ్మా?"

"ఏమో అన్నయ్యా. ఇక్కడ నా అన్నం అడుగంటిపోతుందేమో అనిపించేది."

వైశాలి నగర్‌లో హాలు నిండింది. ముందు వరసలో చెల్లెమ్మ కూర్చుంది. పక్కన కుర్చీ ఖాళీ. ఆ రోజు నేను కూర్చోవలసిన కుర్చీ అది. ఆవిడ చూపించినట్టే గుమ్మం దాకా వెళ్ళాను. కుళాయి మాట అన్నాను. ఆగాను. వెనక్కి తిరిగేసరికి ఆ కుర్చీయే కనిపించింది. ఎంతసేపు ఆగానో నాకు తెలీదు. ఒక్కరూ నవ్వలేదు.

తెర పడ్డాక రంగు కడుక్కోమని ఆ అమ్మాయి నీళ్ళు తెచ్చింది. ఇంకాసేపు ఉండనీ అన్నాను. ప్లాంటు పాతవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. అచ్చం మీ బావ ఆడినట్టే ఆడావు, అన్నారు. చివర చెల్లెమ్మ వచ్చి, అచ్చం ఆయనే అన్నయ్యా, అంది.

అందరికీ తలూపాను. నిజమే అయ్యుంటుంది. వాళ్ళంతా అతని ఆట చూసినవాళ్ళు. చూడనివాణ్ణి నేనొక్కణ్ణే.