కొండ కోసం వాలీబాల్

సరిహద్దు ఊళ్లోని ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా నర్సు పని చేస్తున్న ఆవిణ్ణి ఊరంతా పిన్ని అనే పిలిచేది, ఆవిడ కంటే పెద్దవాళ్లతో సహా. ఎదురుగా కనిపించే బోడికొండ మాదంటే మాదని రెండు దేశాలూ కొట్టుకున్నప్పుడల్లా, దెబ్బలు తిన్న కుర్రాళ్లందరూ ఆవిడ చేతుల మీదుగానే వెళ్లారు. కొందరు ఇంటికి, కొందరు మట్టిలోకి. ఆవిడ తమ్ముడి కుడికాలు కూడా ఆ కొండ మీదే పోయింది.

చివరికి పెద్దలకు బుద్ధి పుట్టిందో, విసుగే పుట్టిందో, కాగితాల మీద సంతకాలు పెట్టారు. ఇకమీదట తుపాకులు లేవు. ఏటా ఒక వాలీబాల్ ఆట. గెలిచినవాళ్లదే ఆ ఏడాదికి కొండ.

మొదటి ఆట రోజు పొద్దున్నే పిన్ని నలభై మంచాలకు దుప్పట్లు మార్చింది. కత్తెరలు ఉడకబెట్టింది. రక్తం సీసాలు తెప్పించింది.

"పిన్నీ, వాళ్లు ఆడేది బంతాట!" అని డాక్టరు నవ్వాడు.

"మీరు నవ్వండి బాబూ. కొండ పేరు వింటే నా చేతులు వాటంతటవే పనిలో పడతాయి."

సాయంత్రానికి ఒకే ఒక్క పేషెంటు వచ్చాడు. అవతలి దేశం ఆటగాడు. తాటిచెట్టంత మనిషి, చిటికెనవేలు బెణికిందని పసిపిల్లాడిలా మూలుగుతున్నాడు.

"ఇంకెవరూ లేరా?" పిన్ని అతని వెనక్కి తొంగి చూసింది.

"లేరమ్మా, నేనొక్కణ్ణే" అన్నాడతను, తప్పు చేసినవాడిలా.

వేలికి పట్టీ చుడుతుంటే ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది.

"అంత పెద్ద దెబ్బా?" అతను హడలిపోయాడు.

ఆ ఆట మనవాళ్లు ఓడిపోయారు. రాత్రి తమ్ముడు కంచం ముట్టలేదు. "నా కాలు పోయిన కొండక్కా అది! బంతి గీత దాటిందని ఇచ్చేస్తారా?"

పిన్ని వెళ్లి పక్కన కూర్చుంది. "నీ కాలు నేను తిరిగి తేలేనురా. ఇవాళ నలభై మంచాలూ ఖాళీ. నలగని దుప్పట్లు నేనే మడతపెట్టి వచ్చాను. నాకంతకంటే తెలీదు."

రెండు వారాలు అతను ఆవిడతో మాట్లాడలేదు. పదిహేనో రోజున చంకకర్రలతో గుమ్మంలో నిలబడ్డాడు. "మనవాళ్ల సర్వీసు మరీ అధ్వాన్నంగా ఉందక్కా. మైదానం దాకా తీసుకెళ్తావా?"

ఆ తరవాత పదకొండేళ్లు జట్టుకి సర్వీసు నేర్పింది అతనే. ఐదుసార్లు గెలిచారు, ఆరుసార్లు ఓడారు. ఓడిన ప్రతిసారీ అతను అంపైరుని తిట్టిపోస్తుంటే, పిన్ని బీపీ మాత్రా గ్లాసుడు నీళ్లూ పట్టుకొచ్చి, "ముందిది మింగు, ఆనక తిడుదువుగాని" అనేది.