భ్రమరాంబ మేడం గారి ఇంట్లో ఆదివారం స్కాన్

ఈ ఉదయం ఆఫీసులో కూర్చుని పని మొదలుపెట్టిన కాసేపటికే కంప్యూటర్ లోపలి ఫ్యాను హోరెత్తింది. పెట్టె పక్కన చెయ్యి పెడితే వెచ్చటి గాలి వేళ్ళకు తగిలింది. తెర మీది అక్షరాలను హెడ్‌ఫోన్లో చదివి వినిపించే గొంతు తడబడసాగింది. వైరస్ స్కాన్ నడుస్తోందని అర్థమైంది. నాకు పుట్టుకతో చూపు లేదు. కంప్యూటర్లో ఏం జరుగుతోందో ఇలాగే, చెవులతో, వేళ్ళతో తెలుసుకుంటాను. అలా తెలుసుకోవడం నాకు నేర్పినవారు రాజమండ్రిలో మా వీధిలో ఉండే భ్రమరాంబ మేడం గారు.

ఆవిడ ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఒంటరిగా ఉండేవారు. నేను డిగ్రీలో చేరిన ఏడాది, నా పుస్తకాలేవీ బ్రెయిలీలో దొరకడం లేదని మా అమ్మ ఆవిడతో అన్నది. మర్నాడు ఆవిడే కబురు పెట్టారు. "పుస్తకాలు పట్టుకురా సుజాతా. నేను చదువుతాను, నువ్వు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వినొచ్చు" అన్నారు. హాల్లో ఉన్న కంప్యూటరుకు మైకు తగిలించి, రోజూ పొద్దున్నే పాఠాలు చదివి రికార్డు చేసేవారు. చప్పుడు పడుతుందని ఎండాకాలంలో కూడా ఫ్యాను ఆపి, కిటికీలు మూసుకుని చదివేవారు. అయినా చాళుక్యుల పాలన మధ్యలో "కొత్తిమీరా, కరివేపాకూ" అని ఒక కేక ఉండేది. ఇప్పటికీ చాళుక్యులంటే నాకు కొత్తిమీరే గుర్తొస్తుంది.

తెర చదివే గొంతును కూడా నా కోసం అందులో పెట్టించారు. సాయంత్రాలు నేను వెళ్ళి ఆ పాఠాలు విని, జవాబులు టైపు చేసుకునేదాన్ని. కంప్యూటర్ బాగుచేసే శీను వచ్చి యాంటీవైరస్ పెట్టాక చిక్కు మొదలైంది. సరిగ్గా నేను కూర్చునే వేళకే స్కాన్ మొదలయ్యేది. పాత కంప్యూటర్, దానికి అంత బరువు మోసే శక్తి లేదు. నేను ఒక అక్షరం నొక్కితే, గొంతు దాన్ని ఎప్పటికో పలికేది, అదీ నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు. "మేడం, ఈ స్కాన్ తీయించేద్దామా? ఒక్క ముక్క అర్థం కావట్లేదండి" అన్నాను. శీను కూడా "తీసేస్తే పోద్దండి. ఇంట్లో వాడుకునేదానికి ఏం వస్తాదండి?" అన్నాడు. మేడం గారు ఒప్పుకోలేదు. "తియ్యొద్దు. అమ్మాయి రాని వేళకి మార్చు" అన్నారు. శీను మధ్యాహ్నానికి మార్చాడు.

ఎండలు ముదిరాక మధ్యాహ్నాలు కరెంటు పోయేది. కంప్యూటర్ ఆగిపోయేది. సాయంత్రం గొంతు నిబ్బరంగా చదువుతుంటే సమస్య తీరిందని అనుకున్నాం. స్కాన్ అసలు నడవడం లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ రోజుల్లోనే నేను ఇంటి దగ్గర కూడా వినడానికి వీలుగా సీడీలు చేయించాలని, మేడం గారు కొన్ని పాఠాలు పెన్‌డ్రైవులో వేసి బజార్లో ఒక షాపుకు ఇచ్చారు. సీడీలతో పాటు ఆ పెన్‌డ్రైవులో వైరసూ ఇంటికొచ్చింది.

ఒక సాయంత్రం పాఠాల ఫోల్డరు తెరిస్తే, ఖాళీ అని చెప్పింది గొంతు. మళ్ళీ తెరిచాను. అదే మాట. "జరుగు" అని మేడం గారు నా పక్కకు కుర్చీ లాక్కున్నారు. ఒక్కొక్క ఫోల్డరే తెరిచి వెతుకుతున్న మౌసు చప్పుడు చాలాసేపు వినబడింది. పరీక్షలు దగ్గర పడ్డాయి.

శీను వచ్చి చూసి, "ఫార్మాట్ చేసేస్తే శుభ్రంగా అయిపోద్దండి" అన్నాడు.

"శుభ్రం సంగతి తర్వాత. పాఠాలేవి?"

"పోయుంటాయండి."

"పోయాయని చూశావా, పోయుంటాయని అనుకుంటున్నావా?"

అతను డిస్కు ఊడదీసి పట్టుకెళ్ళాడు. చాలా పాఠాలు పోలేదు, వైరస్ వాటిని కనబడకుండా దాచింది. అవన్నీ తెచ్చిచ్చాడు. ఐరోపా చరిత్ర మాత్రం పాడైపోయింది, ఏం చేసినా తెరుచుకోలేదు. సీడీల్లోనూ అది లేదు. మేడం గారు విని, "సరే" అన్నారు, అంతే. మర్నాడు పొద్దున్నే కిటికీలు మూసి మొదటి పాఠం నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు గొంతు బొంగురుపోయింది. మా అమ్మ మిరియాల పాలు పట్టుకెళ్తే, తాగి మళ్ళీ మైకు ముందు కూర్చున్నారు. ఆ పాఠాల నిండా దగ్గులే. చెరిపేయొచ్చు కదండీ అంటే, "ఆ సేపట్లో ఇంకో పేజీ చదవొచ్చు" అన్నారు.

ఆ హడావుడి తగ్గాక ఒకరోజు నన్ను కీబోర్డు ముందు కూర్చోబెట్టారు. "ఎండలు మొదలైనప్పటి నుంచీ స్కాన్ నడవనే లేదట. ఇకనుంచి ఆ పని నీది."

"నాదా? అది కళ్ళున్నవాళ్ళు చూసుకోవాల్సింది కదండీ."

"కళ్ళున్నవాళ్ళం నేనూ శీనూ ఉన్నాంగా. ఎవరం చూశాం?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. కీబోర్డు తను ముట్టుకోనన్నారు. నేను ట్యాబ్ మీట నొక్కుకుంటూ, గొంతు చెప్పేది వింటూ ఆ యాంటీవైరస్ లోపలికి వెళ్ళాను. దారి తప్పినప్పుడల్లా మొదటికి వచ్చాను. కొన్నిచోట్ల గొంతు ఉత్తినే "బటన్" అని ఊరుకునేది. అప్పుడు మాత్రం దాని మీద ఏం రాసి ఉందో మేడం గారు చదివేవారు. ఆ రోజు తేలలేదు, మర్నాడు మళ్ళీ కూర్చున్నాం. చివరికి దొరికింది. వేళకు కంప్యూటర్ ఆగి ఉండి స్కాన్ తప్పిపోతే, మళ్ళీ ఆన్ చేయగానే నడపాలా అని అడిగే చోటు అది. గొంతు "నాట్ చెక్డ్" అన్నది. స్పేస్ మీట నొక్కాను. "చెక్డ్" అన్నది. పక్కన మేడం గారు కుర్చీలో వెనక్కి వాలిన చప్పుడు వినబడింది. స్కాన్ వేళను నేనే ఆదివారం మధ్యాహ్నానికి మార్చాను. ఆ పూట నేను రాను, ఆవిడ భోంచేసి పడుకుంటారు.

ఆ తర్వాత ప్రతి సోమవారం గుమ్మంలోనే అడిగేవారు, నడిచిందా అని. నేను లోపలికి వెళ్ళి, చివరి స్కాన్ తేదీ విన్నాకే జవాబు చెప్పేదాన్ని. పరీక్షల్లో నేను చెబుతుంటే రాసే అమ్మాయి పక్కన కూర్చుని, ఐరోపా చరిత్ర పేపరు పూర్తి చేశాను. అన్నింటికన్నా దాంట్లోనే మంచి మార్కులొచ్చాయి. నాకు కాకినాడలో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్తే, అభినందనలకన్నా ముందు, "అక్కడి కంప్యూటర్ మాట్లాడుతుందా, కనుక్కున్నావా?" అని అడిగారు. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది.

మా ఆఫీసులో అందరూ మంచివాళ్ళే. కొత్త పని ఏదొచ్చినా, "మీకెందుకండీ శ్రమ, మేం చేసి పెడతాం" అంటారు. ప్రేమగానే అంటారని తెలుసు. మొన్న కొత్త ఆఫీసరు గారు కూడా నా దస్త్రాలు వేరేవాళ్ళకు అప్పగించబోయారు. "ఇవ్వకండి సార్. నాకు కాస్త ఎక్కువసేపు పడుతుంది, కానీ నేర్చుకుంటాను. ఇది నా పని" అన్నాను. ఆయన దస్త్రాలు నా బల్ల మీదే పెట్టి వెళ్ళారు. మర్యాద తప్పకుండా, కుర్చీలోంచి లేవకుండా ఆ మాట అనగలగడం నాకు మేడం గారి దగ్గరే అబ్బింది.