నా మీద చెడ్డగా రాసేవాళ్లు కావాలి

నాకు ఏడీహెచ్‌డీ ఉంది. మనసు ఒకచోట నిలవదు, చేతిలో ఉన్న పని చేతిలో ఉండగానే మర్చిపోతాను. తొమ్మిదో తరగతిలో కాకినాడ డాక్టరు గారు దానికి పేరు చెప్పి, రోజూ పొద్దున్న ఒక మాత్ర వేసుకోమన్నారు. అప్పట్నించీ పుస్తకంలో ఒక పేజీ చివరిదాకా చదవగలుగుతున్నాను. నవ్వేవాళ్లు నవ్వచ్చు గానీ, నాకది చిన్న సంగతి కాదు.

అమలాపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా నాలుగు వందల మీటర్ల హర్డిల్స్‌లో యూనివర్సిటీ జట్టుకి ఎంపికయ్యాను. వేరే రాష్ట్రంలో పోటీలు. అక్కడ ఆటగాళ్ల మూత్రం పరీక్ష చేస్తారట. పోటీ రోజున ఒంట్లో ఉండకూడని మందుల జాబితా ఒకటుంది, అందులో నా మాత్ర కూడా ఉంది. దొరికితే మందు కొట్టి పరిగెత్తిన దొంగని అవుతాను. అలా కాకుండా ఉండాలంటే ముందుగా వైద్య మినహాయింపు తెచ్చుకోవాలి.

ఈ సంగతి నాకు చెప్పింది మా కాలేజీ వ్యాయామ అధ్యాపకులు, మేమందరం పీడీ గారు అనేవాళ్లం. చెప్పి, తరుణోపాయం కూడా ఆయనే చెప్పారు.

"రెండ్రోజుల ముందు ఆపేస్తే సరిపోద్ది కదమ్మా. అది లేపోతే కాళ్లు ఆడవా ఏంటి?"

కాళ్లు ఆడతాయి. కొత్తపేటలో ఒక చిన్న మీట్ జరిగితే ఆయన మాట విని మాత్ర ఆపేసి వెళ్లాను. నా పేరు మైకులో మూడుసార్లు పిలిచారట. ఆ సమయంలో నేను షామియానా కర్రకి తాడు బిగిస్తున్న మనిషిని చూస్తూ నిలబడ్డాను. ఆయన ముడి వేసే పద్ధతి చాలా బాగుంది. తిరిగి చూసేసరికి నా పరుగు నేను లేకుండానే అయిపోయింది. పీడీ గారు నన్నేమీ అనలేదు, మినహాయింపు కాగితాలు తెప్పించండి అన్నారు. నన్ను "అండి" అన్నారంటే కోపం వచ్చిందన్నమాట.

కాగితాలంటే ఏమంత కష్టం అనుకున్నాను. డాక్టరు గారు ఉత్తరం రాశారు, పాత ఫైలంతా స్కాన్ చేసి జతచేసి, మినహాయింపులిచ్చే కమిటీకి పంపాను. పదిరోజులకి తిరుగుటపా. జబ్బు ఉన్నట్టు ఫైల్లో ఆధారం కనబడటం లేదు, ఐదారేళ్లుగా ప్రతి విజిట్‌లోనూ "ఇబ్బందులేమీ లేవు" అని రాసి ఉంది, పన్నెండేళ్ల వయసులోపే లక్షణాలు ఉన్నట్టు చూసినవాళ్ల చేత రాయించి పంపండి, పదిహేను రోజుల్లో అందకపోతే దరఖాస్తు రద్దు. ఇదీ సారాంశం.

ఫైలు తీసి చూశాను. నిజమే. మొదటి పేజీలో జబ్బు పేరు, మందు పేరు. ఆ తర్వాత అన్ని పేజీల్లోనూ బాగుంది, బాగుంది, బాగుంది.

ఎందుకుండదు? ఇంట్లో ఉండేది మేమిద్దరమే, నేనూ అమ్మా. మా అమ్మ రాజోలు దగ్గర ప్రాథమిక పాఠశాలలో టీచరు. నోరు మంచిదైతే ఊరు మంచిదని పిల్లలకి నేర్పించి, తను అంతకన్నా గట్టిగా నేర్చుకున్న మనిషి. మూడు నెలలకోసారి యానాం వంతెన దాటి కాకినాడ వెళ్లేవాళ్లం. బస్సులో దారి పొడుగునా నా మీద ఫిర్యాదులే. ఫీజు కట్టమంటే కట్టలేదు, తాళం తలుపుకే వదిలేసింది, చెప్పిన మాట చెవికెక్కదు. తీరా డాక్టరు గారు "ఎలా ఉందమ్మా పిల్ల?" అని అడిగితే లేచి నిలబడి, "ఆయ్, మీ దయవల్ల బాగానే ఉందండీ" అనేది. అంత పెద్దాయన మందిచ్చాక ఇంకా బాలేదంటే ఆయన్ని తక్కువ చేసినట్టు కాదూ? ఆయన పాపం ఆ మాటే రాసుకునేవారు. ఇప్పుడు మార్చి రాయమంటే, అప్పుడు రాసింది రాసిందేనమ్మా అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను.

మా కోనసీమలో మర్యాద ఎక్కువని బయటివాళ్లు మెచ్చుకుంటారు. వాళ్లకేం, రెండ్రోజులుండి పూతరేకులు కొనుక్కుని వెళ్లిపోతారు. ఇక్కడ పుట్టి ఒక నిజం రాయించుకోవాల్సి వస్తే తెలుస్తుంది.

సరే, మా హైస్కూలు హెడ్మాస్టారు ఉన్నారు కదా అని వెళ్లాను. ఆరు నుంచి పది దాకా నన్ను చూసినాయన. ఆరో తరగతిలో సగం రోజులు నన్ను తరగతి బయట నిలబెట్టినాయన. ఇంతకంటే గట్టి సాక్షి ఎవరుంటారు? సంగతంతా చెప్పాను. "ఆయ్, ఆయ్" అని విన్నారు. కాఫీ ఇప్పించారు. లెటర్‌హెడ్ మీద చక్కటి చేతిరాతతో రాసి, ముద్ర కొట్టి ఇచ్చారు. బయటికొచ్చి చదివాను. ఈ అమ్మాయి చిన్నతనం నుంచీ అణకువ, ఏకాగ్రత, క్రమశిక్షణ గల విద్యార్థిని.

తల ప్రాణం తోకకొచ్చింది. మళ్లీ లోపలికి వెళ్లాను.

"మాస్టారూ, నాకు ఏకాగ్రత లేదని కదండీ రాయాలి."

"ఆడపిల్లవమ్మా. రేపు నీ ఫైల్లో ఉండిపోయే కాగితం. నీ మీద చెడ్డ మాట నా చేత్తో రాయమంటావా?"

"మీరే కదండీ నన్ను బయట నిలబెట్టేరు."

"అది నోటిమాటమ్మా. కాగితం వేరు." కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "చెయ్యి రాదమ్మా నాకు" అన్నారు.

ఆయనని తిట్టుకుంటూ వచ్చాను. పోనీ చర్చి సండే స్కూల్లో నాకు పాఠాలు చెప్పిన ఆవిడ దగ్గరికి వెళ్తే, వాక్యం కంఠతా పట్టడంలో నేనే ముందుండేదాన్నని రాసింది. పచ్చి అబద్ధం. పీడీ గారు నేను అడక్కుండానే నాకో ప్రశంసాపత్రం తయారుచేసి పెట్టారు. పన్నెండు రోజులు గడిచేసరికి నా దగ్గర పోగైన కాగితాలతో ఏ దేశానికైనా రాయబారిగా వెళ్లచ్చు. పరుగు పందేనికి మాత్రం పనికిరావు. పోనీ పోటీ వదిలేద్దామంటే కాళ్లు ఒప్పుకోవు. మాత్ర వదిలేద్దామంటే చదువూ పోయి, పోటీ కూడా షామియానా కర్ర దగ్గరే ఆగిపోతుంది.

ఆ శనివారం ఇంటికెళ్లి, అన్నం ముందు కూర్చుని అమ్మ మీద అరిచాను.

"ఊరంతట్లో నన్ను తిట్టే మనిషి ఒక్కరు దొరకరా? బస్సులో అన్నవన్నీ డాక్టరు గారి దగ్గర ఒక్కసారి అనుంటే ఈ తిరుగుడు నాకుండేదా? నీ మర్యాద తగలెయ్య!"

అమ్మతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. తినమని కూడా అనకుండా లేచి వెళ్లిపోయింది. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక బల్ల దగ్గర కూర్చుని, నాకు కనబడకుండా చెయ్యి అడ్డంపెట్టుకుని ఏదో రాసింది. సాయంత్రం నేను బస్సెక్కేటప్పుడు మడత పెట్టిన రెండు కాగితాలు చేతిలో పెట్టి, "ఇంగ్లీషులోకి నువ్వే మార్చుకో. నాకు అంత రాదు" అంది.

హాస్టల్లో ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని, ఒక్కో వాక్యం చదువుతూ ఒక్కో వాక్యం టైపు చేయడం మొదలుపెట్టాను. రెండో తరగతిలో ఒక్క వర్షాకాలంలో నాలుగు గొడుగులు పోగొట్టింది. బావుంది, పనికొస్తుంది. ఐదో తరగతిలో పాలు చూడమంటే పెరట్లో గొంగళిపురుగుని చూస్తూ కూర్చుంది, గిన్నె మాడిపోయి ఇల్లంతా పొగ. ఇదీ పనికొస్తుంది. గుడిలో బైబిలు వాక్యం చదవడానికి నిలబెడితే రెండో మాట దగ్గర ఆగి కిటికీలోకి చూస్తూ ఉండిపోయింది, అందరూ నవ్వారు. ఉషారుగా కొట్టుకుంటూ పోతున్నాను. కాగితం తిప్పాను.

"ఇదంతా పొగరనుకుని నేను కొట్టేదాన్ని. స్కేలుతో కొట్టేదాన్ని. బడిలో పిల్లల మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. ఇంటికొచ్చి నా పిల్లని కొట్టేదాన్ని. తొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు దెబ్బలు తిన్నాక నా పక్కన కూర్చుని, అమ్మా, నేను ఎందుకు మర్చిపోతున్నానో కనుక్కుని చెప్పవా అని అడిగింది. కనుక్కోవడానికి నాకు ఇంకో ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లూ కూడా కొట్టాను. డాక్టరు గారు అడిగినప్పుడు ఇవన్నీ చెప్తే ఇదీ చెప్పాల్సొస్తుందని, బాగుందని చెప్పేదాన్ని. పైన రాసినదంతా నిజం."

కింద సంతకం, హోదా, బడి పేరు.

ఆ పేరా వదిలేసి పంపుదామా అనిపించింది. గొడుగులూ పాలగిన్నే సరిపోతాయేమో. కానీ అలా చేస్తే నేను కూడా హెడ్మాస్టారి పనే చేసినట్టు. ఏడుస్తూనే ఒక్క మాట తగ్గించకుండా మార్చి, గడువుకి ఒకరోజు ముందు పంపాను.

మినహాయింపు వచ్చింది. ఆ కబురు ఫోన్లో చెప్పడం ఇష్టంలేక ఇంటికే వెళ్లాను. అమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"నేను రాసింది వాళ్ల దగ్గరే ఉండిపోద్దా?"

"ఉంటుందమ్మా."

"చదివేరా అయితే."

"చదివే ఉంటారు."

తలూపింది. ఓదార్పుగా ఉంటుందనుకుని, నిజం కూడా అదే కాబట్టి అన్నాను.

"నాకు ఒక్క దెబ్బ కూడా గుర్తులేదమ్మా."

"నీకుండవమ్మా," అంది. "నాకుంటాయి."