ఆళ్లగడ్డ దాటని విమానం

నవ్వేవాళ్లు ముందే సర్దుకుని కూర్చోండి. ఒక్క తీసివేత లెక్కతో ఎగిరే విమానాన్ని మాయం చేసిన ఘనుణ్ని నేను.

నంద్యాల బస్టాండులో కంట్రోలరుని. ఏ బస్సు ఎప్పుడొస్తుందో మైకులో అరవడం నా పని. చేరే టైములోంచి బయల్దేరిన టైము తీసేస్తే ప్రయాణం. బస్సు రాకపోతే ముందు ఊరికి ఫోను. నాకు తెలిసిన శాస్త్రమంతా ఇంతే.

నా భార్య సుగుణకు లండన్లో నర్సు ఉద్యోగం వచ్చింది. నాకు సెలవు దొరక్క, విమానానికి ముందురోజు ఆమెను చెన్నై బస్సెక్కించి ఊరుకున్నాను. టికెట్‌లో చెన్నై నుంచి తెల్లవారి ఐదున్నర, లండన్‌కు పదకొండున్నర అని ఉంది.

"ఆరు గంటలేనప్పా! మన చెన్నై బస్సు కంటే తొందర" అని చెన్నై దారిలో మాకు ముందు ఊరైన ఆళ్లగడ్డ బస్టాండు కంట్రోలరు ఓబులేసుకు ఫోనులో గొప్పలు పోయాను.

"ఎనిమిది వేల కిలోమీటర్లంటాండావ్. ఆరు గంటల్లో యాడ పోతాదన్నా?"

"ఆకాశంలో గుంతలుంటాయా? టీ కాడ ఆపుతారా? నీకేం తెలుసు!"

మర్నాడు పొద్దున ఒక్కడినే కంచం ముందు కూర్చున్నాను. ముద్ద దిగలేదు. మాట్లాడే మనిషి లేకపోతే రెండు గదుల ఇల్లు కూడా ఎంత పెద్దదో అప్పుడే తెలిసింది. డ్యూటీకి పోయాను. పదకొండున్నర దాటింది, ఫోను రాలేదు. ఒంటిగంటయినా రాలేదు. విమానం జాడ ఫోన్లో వెతకచ్చు కదా అంటారా? భయపడ్డవాడికి బుర్ర, ఫోను రెండూ పనిచేయవండీ. అలవాటు కొద్దీ వేలు ఓబులేసు నంబరు మీదికే పోయింది.

"ఓబులేసూ, ఆళ్లగడ్డ దాటిందా?"

"ఏ బస్సన్నా?"

"లండన్ విమానం!"

అవతల రిజిస్టరు తిరగేసిన చప్పుడు. తర్వాత మెల్లగా అన్నాడు: "దానికి ఈడ స్టాపు లేదన్నా."

అంతటితో ఊరుకున్నాడా? ఆళ్లగడ్డలోనే ఉండే మా అత్తకు చెప్పాడు. ఆమె తర్వాతి బస్సులో ఏడుస్తూ దిగింది. "నా బిడ్డ యాడుందప్పా? ఊర్లో బస్సులన్నీ చూసుకుంటావే, పెండ్లాన్ని చూసుకోలేవా?" అని ప్లాట్‌ఫారం మీదే మోకాళ్లూని ప్రార్థన మొదలుపెట్టింది. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందన్నట్టు, చెన్నై బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా కళ్లు తుడుచుకుని "ఆమెన్" అన్నారు.

సాయంత్రం ఫోను మోగింది.

"దిగినానయ్యా. ఇప్పుడే పదకొండున్నరయింది."

"పదకొండున్నర ఏందీ? ఈడ ఐదయింది!"

"దిగే టైము ఈ ఊరి గడియారం ప్రకారం ఏస్తారయ్యా. పొద్దున్నుంచి కూర్చోని నడుములు పోయినాయి. నువ్వు తిన్నావా?"

ఆ ఒక్క మాటకు బోరుమన్నాను. మైకు ఆన్‌లో ఉంది. నంద్యాల బస్టాండంతా విన్నది.

ఇప్పటికీ ఓబులేసు అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. "అన్నా, వదినె ఇంకా ఆళ్లగడ్డ దాటలే!" నేనూ నవ్వుతాను. ఫోను పెట్టేశాక చెన్నై నుంచి వచ్చిన బస్సులోంచి ఆఖరి మనిషి దిగేదాకా చూస్తాను.

కాబట్టి మహాజనులారా, ఆ మైకు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక విమానం జాడ ఆళ్లగడ్డను అడగను. సుగుణ చెన్నైలో దిగి నంద్యాల బస్సెక్కిన రోజు మాత్రం ఆ బస్సు దాటిందా అని అడుగుతాను. ఆ రోజు ఓబులేసు సెలవు పెట్టాడో, వాణ్ని ఊరకే వదలను.