చుట్టం కోసం ఆపిన లైటు

మాఘమాసంలో స్నేహితురాలి పెళ్లికి శాంతిపురం దగ్గరి పల్లెకు వెళ్లి, వాళ్ల పెద్దమ్మ మునెమ్మ గారింట్లో దిగాను. చీకటి పడ్డాక నేను వాకిట్లోకి రాగానే ఆవిడ లైటు ఆపేసింది. మా విజయవాడలో చుట్టమొస్తే లైటు వేస్తాం. మనసు చివుక్కుమంది.

“ఎందుకాపారు పెద్దమ్మా?”

“మీ ఊర్లో లేనిది సూపిద్దామని. పైకి సూడమ్మా.”

తలెత్తితే ఆకాశం నిండా చుక్కలు. అప్పుడు గమనించాను, వీధి దీపాలకూ నూనెడబ్బా రేకుతో టోపీలున్నాయి. వెలుగు దారి మీదే పడుతోంది. ఊరివాళ్లే బిగించారట.

పడమటి అంచున తెల్లటి మసక కనిపించింది. ఏమిటని అడిగాను.

“బెంగళూరు వెలుతురమ్మా. ఆ పక్క సుక్కలన్నీ మింగేసిండాది,” అంది మునెమ్మ. “మా నెత్తిన ఉండేవి మాత్రం ఇచ్చేది లేదు.”